ఇంజెక్షన్ పెట్రోల్ కారు స్టార్ట్ కాకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను. పొద్దున్నే షట్టర్ ఎత్తకముందే ఫోన్ మోగిందంటే అవతలి మాట దాదాపు ఒకటే: "బండి స్టార్ట్ కావట్లేదండీ." ఆ ఫోన్లలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ఇవి ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే కార్ల గురించి మాత్రమే. ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటివన్నమాట. డీజిల్ బండ్ల లెక్క వేరు. బాగున్న పంపులు, బాగున్న సెన్సర్లు మార్పించుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను, అందుకే ఇది రాయాలనిపించింది. పాడైందని తేలకుండా ఏ పార్టూ కొనకండి.

"స్టార్ట్ కావట్లేదు" అని చెప్తే చాలదా?

చాలదు. నేను మొదట అడిగేది, సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి లేపే మోటారు) తిరుగుతోందా లేదా అని. కీ తిప్పగానే "గుర్ర్ గుర్ర్" అని ఇంజిన్ తిరుగుతూ కూడా అందుకోకపోతే ఒక దారి. అసలు తిరగకపోతే, లేదా "టక్ టక్" అని ఊరుకుంటే ఇంకో దారి. తిరగని బండికి పెట్రోల్ పంపుతో పని లేదు. బాగా తిరిగే బండికి బ్యాటరీ మార్చి లాభం లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కీ తిప్పితే టకటకమని చప్పుడు వస్తోంది, ఇంజిన్ తిరగడం లేదు. ఏమిటిది?

వరసగా టకటకమంటుంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీ డౌనే, లేదంటే టెర్మినల్ వదులు. ఒక్కసారి గట్టిగా "టక్" అని ఆగిపోతే, అదీ లైట్లు మసకబారకుండా, అప్పుడు సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు కలిపే సోలినాయిడ్‌నో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే ముందు చిన్న విషయాలు చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొట్టే బండ్లున్నాయి. ఆటోమేటిక్ అయితే గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉండాలి, పుష్ బటన్ అయితే బ్రేకు మీద కాలుండాలి. కాలి కింద మ్యాట్ జరిగి క్లచ్ పెడల్‌కు అడ్డం పడినందుకు టోయింగ్ వ్యాన్ పిలిపించుకున్న బండి మా దగ్గరికి వచ్చింది.

బ్యాటరీ కొత్తదే, హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. అయినా తిరగడం లేదే?

లైటు వెలగడానికి కావలసిన కరెంటెంత, సెల్ఫ్ మోటారు లాగే కరెంటెంత! ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు చాలు. కాబట్టి లైటు వెలిగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు.

మల్టీమీటరు ఉంటే, రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ మీద పెట్టి చూడండి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి పోతే ఖాళీ అనుకోవచ్చు. ఆ తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో మీటరు చూడండి. 10 వోల్టుల కిందికి జారిపోతుంటే బ్యాటరీలో శక్తి లేనట్టు. మన ఎండలకు కారు బ్యాటరీ మూడు నాలుగేళ్ళు వచ్చిందంటే దాని పని అది చేసినట్టే.

మీటరు మంచి అంకెలే చూపిస్తూ ఇంజిన్ బరువుగా తిరుగుతుంటే టెర్మినళ్ళ వైపు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే ముందు నెగటివ్ విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించాక కాస్త వాజిలిన్ రాయండి. బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి, ఇంజిన్‌కు కలిపే ఎర్త్ పట్టీని చాలామంది మర్చిపోతారు. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే అర వోల్టు కంటే ఎక్కువ చూపించకూడదు. చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పుపట్టిందనో వదులైందనో అర్థం.

జంపర్ కేబుల్ ఏ వరసలో తగిలించాలి?

ఎర్ర కేబుల్ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగటివ్‌కు, ఆఖరి కొన చచ్చిన బండి ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. బ్యాటరీ నెగటివ్‌కే తగిలిస్తే నిప్పురవ్వ బ్యాటరీ పక్కనే లేస్తుంది, అందుకని దూరంగా తగిలించమంటాం. ఎరుపు, నలుపు తారుమారైతే ఫ్యూజులు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అన్నీ పోవచ్చు. చీకట్లో తొందర పడకండి.

తోసి స్టార్ట్ చేయవచ్చా?

మాన్యువల్ గేరు బండి అయి, డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగే పాటి చార్జి ఉంటే, రెండో గేరులో ప్రయత్నించవచ్చు. కార్బొరేటర్ రోజుల్లో బ్యాటరీ పూర్తిగా చచ్చినా తోస్తే అందుకున్న బండ్లుండేవి. ఇంజెక్షన్ బండిలో పంపు తిరగాలన్నా, ఇంజెక్టర్ తెరుచుకోవాలన్నా, ఈసీఎం మేలుకోవాలన్నా బ్యాటరీ కరెంటు కావాల్సిందే. అదీగాక, స్పార్క్ లేని బండిని కిలోమీటరు తోస్తే మండని పెట్రోలంతా సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. అది పాడైతే ఖర్చు బ్యాటరీతో పోల్చేది కాదు.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చెవులతో మొదలుపెట్టండి. అద్దాలు ఎత్తి, ఏసీ, పాటలు ఆపి, కీని ఆన్ దాకా మాత్రమే తిప్పండి. సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు "జూ..." అని సన్నని చప్పుడు వచ్చి ఆగాలి. ట్యాంకులోని పంపు లైన్‌లో ప్రెషరు నింపుతున్న చప్పుడది. రోడ్డు మీద గోలగా ఉంటే ఇంకొకరిని వెనక సీట్లో చెవి ఆనించి కూర్చోమనండి. పెట్రోల్ మూత తీసి అక్కడ విన్నా సరే.

అదే సమయంలో డ్యాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ లైటు కీ ఆన్ చేయగానే వెలగాలి. వెలగకపోతే ఈసీఎంకు కరెంటే అందడం లేదేమో, మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఫ్యూజు చూడాలి. తాళం బొమ్మో తాళంచెవి బొమ్మో మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (వేరే కీతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు) అడ్డం పడుతోంది, దాని సంగతి కింద రాశాను.

పంపు చప్పుడు వచ్చి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి, తాళం గుర్తు ఆరిపోతే ఇక చూడాల్సినవి మూడు: స్పార్క్, పెట్రోల్ ప్రెషరు, క్రాంక్ సెన్సర్ సిగ్నల్. దేన్నీ ఊహతో తేల్చకండి.

ఇంకొక్క మాట, సిగ్గుపడకుండా పెట్రోల్ చూసుకోండి. ట్యాంకులో ఫ్లోట్ ఇరుక్కుంటే గేజీ ముల్లు పావు చూపిస్తూనే ఉంటుంది, లోపల చుక్క ఉండదు. వాలులో ఆపిన బండిలో కొద్దిగా ఉన్న పెట్రోల్ ఒక మూలకు చేరి పంపుకు అందకపోవచ్చు. మూడు లీటర్లు పోసి చూడటం కంటే చవకైన పరీక్ష లేదు.

పంపు చప్పుడు రావడం లేదు. పంపు మార్చేయమంటున్నారు, మార్పించనా?

ఆగండి. పంపు తిరగకపోవడానికి పంపే కారణం కానక్కర్లేదు. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత రిలే. బానెట్ కింద బాక్సులో హారన్ రిలే, పంపు రిలే చాలా బండ్లలో ఒకటే రకం, నెంబరు కలిస్తే అటూ ఇటూ మార్చి చూస్తే రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఫోర్డ్, ఫియట్ పాత కార్లు కొన్నింట్లో గుద్దుకున్నప్పుడు పంపును ఆపేసే స్విచ్ ఉంటుంది, పెద్ద గుంతలో పడినా అది లేస్తుంది, మీట నొక్కితే సరి.

వీటి తర్వాత పంపు కనెక్టర్ దగ్గర కరెంటు చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకసారి టోయింగ్ మీద ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. అంతకుముందు వేరే చోట రెండు పంపులు మార్చారు. రెండూ కొత్తవే, రెండూ తిరగలేదు. "కరెంటు వస్తోందండీ, టెస్ట్ ల్యాంప్ వెలిగింది" అని డ్రైవరుగారు ప్రమాణం చేసినంత పని చేశారు. ఆయన చెప్పింది నిజమే. ల్యాంప్ క్లిప్పు బాడీకి తగిలించి, సూదిని పాజిటివ్ పిన్ను మీద పెడితే ఫుల్లుగా వెలిగింది. నేను క్లిప్పు బాడీ మీద నుంచి తీసి, కనెక్టర్‌లోని రెండో పిన్నుకే తగిలించాను. ల్యాంపు ఎర్రగా, ఆరిపోయే దీపంలా మిణుకుమంది. పాజిటివ్ బాగుంది, ఎర్త్ లేదు. ఆ నల్లవైరు వెంట వెళ్తే డిక్కీ పక్క ప్లాస్టిక్ వెనకాల ఒక బోల్టు, దాని చుట్టూ తుప్పు. ఎప్పుడో నీళ్ళు కారిన చారిక కూడా కనిపించింది. విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది బిగించాను. కీ ఆన్ చేయగానే "జూ" అంది. మార్చేసిన రెండు పంపుల ఖర్చు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు.

అందుకే మీ మెకానిక్‌ను అడగండి: "రెండు పిన్నుల మధ్య పెట్టి చూశారా అండీ?" రెండు పిన్నుల మధ్య ల్యాంపు ఫుల్లుగా వెలిగి, పంపు కదలకపోతేనే పంపు పోయినట్టు.

పంపు తిరుగుతోంది. అంటే పెట్రోల్ సరిగ్గా వస్తున్నట్టేనా?

చప్పుడు వేరు, ప్రెషరు వేరు. పోర్ట్ ఇంజెక్షన్, అంటే ఈ ఎంపీఎఫ్ఐ కార్లలో చాలావాటికి లైన్‌లో 3 నుంచి 4 బార్ ప్రెషరు ఉండాలి, మీ మోడల్‌కు ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజీ తగిలిస్తేనే తెలుస్తుంది. ఆ లైను ఊరికే విప్పకండి, పిచికారీలా కొట్టి వేడి ఇంజిన్ మీద పడుతుంది. పంపు ఫ్యూజు తీసేసి, రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, ప్రెషరు దించాకే విప్పాలి. టర్బో బండ్లలో పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటే ఇంట్లో దాని జోలికే వెళ్ళొద్దు, అక్కడ ప్రెషరు వంద బార్లు దాటి ఉంటుంది.

వానాకాలంలో ట్యాంకులో నీళ్ళు చేరిన కేసులు కూడా చూస్తుంటాం. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి వస్తోంది కదా, నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ ఆ నీళ్ళతో కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతుంది. పంపు లాగేది అడుగు నుంచే. అనుమానముంటే గాజు సీసాలో కొద్దిగా పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే.

స్పార్క్ వస్తోందో లేదో ఎలా చూడాలి?

మార్కెట్లో స్పార్క్ టెస్టర్ దొరుకుతుంది, దానితోనే చూడండి. పాత అలవాటు కొద్దీ ప్లగ్గు వైరు బాడీకి దూరంగా పట్టుకుని నిప్పు ఎంత దూరం దూకుతుందో చూడటం ఈ బండ్లలో పనికిరాదు. ఆ వోల్టేజీకి దారి దొరక్కపోతే, దాన్ని పుట్టించే కాయిల్ లోపలే కాలిపోవచ్చు, చేతికి తగిలే షాకు కూడా చిన్నది కాదు. పెట్రోల్ వాసన వస్తుంటే ఆ పరీక్షే వద్దు.

ఒక్క ప్లగ్గుకే స్పార్క్ లేకపోతే బండి మిస్సవుతూ అయినా స్టార్ట్ అవుతుంది. అన్నింటికీ లేకపోతే నాలుగు కాయిళ్ళూ ఒకేసారి పోయాయని నమ్మకండి. వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి: ఫ్యూజు, ఎర్త్, లేదా క్రాంక్ సెన్సర్.

క్రాంక్ సెన్సర్ గురించి అందరూ చెప్తారు, అది చేసే పనేమిటి?

ఇంజిన్ తిరుగుతోందని, ఇప్పుడు ఏ స్థానంలో ఉందని ఈసీఎంకు చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే ఈసీఎం దృష్టిలో ఇంజిన్ ఆగి ఉన్నట్టే, అందుకని స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టరూ తెరవదు. స్పార్కూ పెట్రోలూ రెండూ ఒకేసారి లేవంటే మొదటి అనుమానం దాని మీదే.

దీని తీరు ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. హైవే మీద గంటసేపు నడిచి టీ కోసం ఆపితే మళ్ళీ అందుకోదు. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. వేడికి లోపలి తీగచుట్ట తెగినట్టయి, చల్లారాక కలుస్తుంది. ఇలా జరిగితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే షాపుకు వచ్చేసరికి బండి చల్లారి బాగానే ఉంటుంది, మాకేమీ దొరకదు.

తేల్చే పద్ధతి సులువు. ఈసీఎంలోని సమాచారం చూపించే స్కానర్ తగిలించి, లైవ్ డేటాలో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో) చూస్తూ సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతుంటే 200 దగ్గర్లో అంకె కదలాలి. ఇంజిన్ తిరుగుతూనే అక్కడ సున్నా కనిపిస్తే సెన్సర్, దాని వైరింగ్, రెంటిలో ఒకటి.

ఫోన్‌కు కలిపే చిన్న స్కానర్ కొనుక్కోవడం మంచిదేనా?

మంచిదే. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో పెట్టి బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుపుకోవచ్చు. ఈసీఎం పట్టిన లోపాలు అందులో కోడ్‌లుగా కనిపిస్తాయి. పి0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. పి0340 అంటే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) సెన్సర్ సర్క్యూట్. పి0230 అంటే ఫ్యూయల్ పంపు సర్క్యూట్. "సర్క్యూట్" అన్న మాట గమనించండి. సెన్సర్ పోయిందని కోడ్ చెప్పడం లేదు, ఆ దారిలో ఎక్కడో లోపముందంటోంది. వైరు తెగినా, పిన్ను వదులైనా అదే కోడ్ వస్తుంది. కోడ్ ఏమీ లేదంటే బండి బాగుందనీ కాదు. పంపు బలహీనమై ప్రెషరు తగ్గిన సంగతి చాలా కార్లకు తెలియదు, దాన్ని కొలిచే సెన్సరే వాటిలో ఉండదు.

తాళం గుర్తు మిణుకుమంటోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. ఏం చేయాలి?

కీ తలలోని చిప్‌ను బండి గుర్తుపట్టలేదు. కీచైన్‌లో ఇంకో కారు కీ గానీ పెద్ద ఇనుప రింగు గానీ ఉంటే తీసేసి ప్రయత్నించండి. రెండో కీతో చూడండి, దానితో స్టార్ట్ అయితే మొదటి కీదే లోపం. పుష్ బటన్ బండి అయితే రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, చాలా మోడళ్ళలో రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కితే పనిచేస్తుంది. రెండో కీ బీరువాలో ఉంటుంది, బండి ఊరవతల ఆగుతుంది. దూరప్రయాణానికి ఇంకొకరి బ్యాగులో పెట్టుకోండి.

ముగ్గు వేయడానికి బండి కాస్త వెనక్కి తీసి ఆపాం. మళ్ళీ స్టార్ట్ కాలేదు. ఎందుకు?

ఇది నాకు బాగా తెలిసిన ఫోన్. చల్లని ఇంజిన్ కదా, ఈసీఎం మొదట్లో పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది. వేడెక్కకముందే పది సెకన్లలో ఆపేస్తే ఆ పెట్రోల్ ప్లగ్గుల మీదే ఉండిపోతుంది. తడిసిన ప్లగ్గు సరిగా స్పార్క్ ఇవ్వదు. యాక్సిలరేటర్ పూర్తిగా కిందికంటా తొక్కి పట్టుకుని ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కి ఉంచితే ఈసీఎం పెట్రోల్ ఆపేస్తుంది, గాలి మాత్రమే పోయి ప్లగ్గులు ఆరతాయి. అందుకోగానే కాలు నెమ్మదిగా తీయండి. ఇకమీదట బండి తీస్తే ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపండి.

రోజూ పొద్దునే మొండికేసి, పెట్రోల్ వాసన వస్తుంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చూడాలి. దాని వైరు తెగితే ఈసీఎం బయట మంచు కురుస్తోందనుకుని పెట్రోల్ గుమ్మరిస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో లైవ్ డేటా చూస్తే కూలెంట్ వేడి, బయటి గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి. మే నెలలో అక్కడ మైనస్ 40 కనిపిస్తే దొరికినట్టే.

ఎలుకలు కొరికితే కూడా స్టార్ట్ కాదా?

వారం రోజులు సెల్లార్‌లో ఆగిన బండి అయితే నేను ముందు వెతికేది అదే. బానెట్ ఎత్తితే ఇంజిన్ మీద వేరుశనగ తొక్కలు, నల్లని పెంటికలు, నలిగిన గుడ్డపేలికలు కనిపిస్తాయి. ఇంజెక్టర్ వైర్లు, సెన్సర్ వైర్లు సన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవే తెగుతాయి. తెగినచోట సోల్డర్ చేసి స్లీవ్ తొడగాలి, మెలేసి టేపు చుట్టింది నిలవదు. రెండు రోజులకొకసారి బండి తీయండి, లోపల తినుబండారాలు వదలకండి. కొందరు ఎండు పొగాకు కాడలు పెడతారు, వేడి సైలెన్సర్ మీద పడితే అంటుకోవచ్చు, వద్దు.

సీఎన్‌జీ బండికి పెట్రోల్ ఎందుకు పోయించాలి?

చాలా సీఎన్‌జీ కార్లు స్టార్ట్ అయ్యేది పెట్రోల్ మీదే, వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. ట్యాంకులోని పంపుకు చల్లదనమిచ్చేది కూడా ఆ పెట్రోలే. కనీసం పావు ట్యాంకు ఉంచండి.

సెకండ్ హ్యాండ్ బండి, ఉన్నట్టుండి ఆగిపోయింది. అన్నీ బాగానే ఉన్నాయట?

బయట బిగించిన రిమోట్ లాక్, అలారం, జీపీఎస్ ఏదైనా ఉందేమో స్టీరింగ్ కింద వెతకమనండి. వాటిలో కొన్ని ఇగ్నిషన్ వైరునో పంపు వైరునో కోసి మధ్యలో తమ రిలే పెడతాయి. క్యాబ్‌గా తిరిగిన బండిలో ఇది మరీ ఎక్కువ. ఆ రిలే పాడైతే ఏ స్కానర్‌లోనూ దాని పేరు రాదు.

సెల్ఫ్ ఎప్పటికంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతోంది. మంచిదేనా?

కాదు, వెంటనే ఆపండి. వాల్వులను ఇంజిన్‌తో కలిపి నడిపే టైమింగ్ బెల్టు తెగి, సిలిండర్‌లో గాలి అణగక (కంప్రెషన్ లేక) అలా తిరుగుతుండవచ్చు. ఇంకా కొడితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతాయి. కొత్త బండ్లు చాలావాటికి బెల్టు బదులు చైను ఉంది, మీది ఏదో ముందే తెలుసుకోండి.

వరద నీళ్ళలో మునిగిన బండిని ఒక్కసారి స్టార్ట్ చేసి చూడవచ్చా?

వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు మునిగినప్పుడు ఈ మాట ఎంతమందికి చెప్పానో. నీళ్ళు గాలిలా అణగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ విప్పాల్సిందే. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, కీ ముట్టుకోకండి, నీటి గుర్తు ఎంత ఎత్తులో ఉందో ఫోటోలు తీసి బీమా కంపెనీకి ఫోన్ చేయండి, టోయింగ్ మీదే పంపండి. నీళ్ళలో స్టార్ట్ చేయబోయి పాడైన ఇంజిన్‌కు మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ ఉంటేనే ఆశ.

సెల్ఫ్ ఎంతసేపు కొట్టవచ్చు?

ఒక్కోసారికి పది సెకన్లు, మధ్యలో అర నిమిషం విరామం. మూడుసార్లకు అందుకోకపోతే కారణం వెతకండి, కొట్టేకొద్దీ బ్యాటరీ కూడా పోతుంది.

మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలి?

సెల్ఫ్ తిరుగుతోందా. పంపు "జూ" అందా. చెక్ ఇంజిన్ లైటు, తాళం గుర్తు ఏం చేస్తున్నాయి. ఆగింది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా. నిన్న పెట్రోల్ ఎక్కడ పోయించారు, వాన పడిందా, ఈ వారంలో బండికి ఎవరైనా ఏ పనైనా చేశారా. ఈ ఆఖరిది చెప్పడానికి మొహమాటపడకండి. స్పీకర్లు మార్పించిన మర్నాడే ఆగిన బండికి నేను ముందు తీసేది స్పీకరు వెనక ప్యానెలే.